తిరుమల కొండను చదవడం ఎలా? నడిచి నేర్చుకున్న భూగర్భశాస్త్రం కథ

తిరుమల ఘాట్ రోడ్డు మీద రోజూ వేలాదిమంది ప్రయాణిస్తారు. కొందరు గోవిందనామాలు చెప్పుకుంటారు, కొందరు కిటికీలోంచి లోయను చూస్తారు. రోడ్డు కోసం కోసిన కొండ గోడను చూసేవారు బహు తక్కువ. ఆ గోడలో కొన్నిచోట్ల కింద ఉన్న రాయి ఒక రకం, పైన ఉన్న రాయి మరో రకం. రెంటికీ మధ్య ఒక హద్దు గీత ఉంటుంది. ఆ గీత దగ్గర మాయమైపోయిన కాలం కనీసం 50 కోట్ల సంవత్సరాలు. భూగర్భశాస్త్రజ్ఞులు దానిని ఇపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు. జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. దేశంలోని విద్యార్థులు పుస్తకాల్లో చదివి, దీన్ని చూడడానికి దూరాల నుంచి వస్తారు. తిరుపతి వాసుల్లో ఎంతమందికి దీని సంగతి తెలుసు?

మన బడుల్లో అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని మూడు రకాలు కంఠతా పట్టిస్తారు. పరీక్షలో రాస్తే మార్కులు వస్తాయి. బడి వెనక ఉన్న గుట్ట ఈ మూడింటిలో ఏదో మాత్రం ఎవరూ అడగరు. మంత్రం వల్లించడానికీ, ఇలా చదవడానికీ తేడా ఏముంది?

భూగర్భశాస్త్రం పుట్టిందీ, పెరిగిందీ నడక మీద. ఎవరో ఒకరు మరొకరిని రాయి దగ్గరికి తీసుకెళ్లి "ఇదిగో చూడు" అనడం వల్లనే ఈ శాస్త్రం నిలబడింది. ఆ నడకల చరిత్రను, అవి మన దేశంలో ఎవరికి అందాయో, ఎవరికి అందలేదో చెప్పుకోవడం హేతువాదులకు అవసరమని నా అభిప్రాయం.

అల్‌బెరూనీ చూసిన గులకరాళ్లు

సుమారు 1030లో అల్‌బెరూనీ భారతదేశం గురించి గొప్ప గ్రంథం రాశాడు. అందులో రాళ్ల గురించిన ఒక చిన్న పరిశీలన ఉంది. కొండల దగ్గర, నది ఉరవడిగా పారేచోట రాళ్లు పెద్దవిగా ఉంటాయి. కొండలకు దూరమైన కొద్దీ చిన్నవవుతాయి. నది నెమ్మదించి సముద్రాన్ని సమీపించేసరికి మిగిలేది ఇసుకే. నేలను ఎంత లోతుకు తవ్వినా నీటిలో దొర్లి నునుపు తేలిన రాళ్లే వస్తున్నాయి. కాబట్టి ఈ నేల ఒకప్పుడు సముద్రమై ఉండాలి, నదులు తెచ్చిన ఒండ్రు దాన్ని పూడ్చి ఉండాలి అని అతను తేల్చాడు.

మొత్తం భారతదేశానికి ఇది వర్తించదు. దక్కన్ పీఠభూమి కథ వేరు, అది చాలా పాతది. కాని గంగా మైదానాన్ని హిమాలయాల ఒండ్రు నింపిందన్న మాట నేటికీ నిలిచింది. ఇక్కడ గమనించవలసింది పద్ధతి. ఏ గ్రంథాన్నీ ప్రమాణంగా తీసుకోలేదు, ఏ రుషినీ ఉదహరించలేదు. నది వెంట నడిచి రాళ్లు చూసినవారెవరైనా అతని మాటను సరిచూసుకోవచ్చు. ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు.

పడవలో వెళ్లిన ముగ్గురు

1650లో ఆర్చిబిషప్ అషర్ బైబిల్ వంశావళుల్ని లెక్కగట్టి, సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని ప్రకటించాడు. యూరప్‌లో చాలాకాలం ఆ లెక్కకు మంచి గౌరవం ఉండేది. దానిని కదిలించిన వారిలో స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ హట్టన్ ముఖ్యుడు.

1788లో హట్టన్ తన మిత్రులు జాన్ ప్లేఫెయిర్, జేమ్స్ హాల్‌లను పడవలో సికార్ పాయింట్ అనే సముద్రతీరానికి తీసుకెళ్లాడు. అక్కడ కింది రాతిపొరలు దాదాపు నిట్టనిలువుగా నిలబడి ఉన్నాయి. వాటి కొసల మీద ఎర్ర ఇసుకరాయి పొరలు ఇంచుమించు పడుకొని ఉన్నాయి. హట్టన్ ప్రశ్నలు చాలా సాదావి. అడుగున బల్లపరుపుగా పేరుకున్న పొరలు నిలువుగా లేవడానికి ఎంతకాలం పట్టి ఉంటుంది? లేచినవి అరిగిపోవడానికి ఎంతకాలం? వాటి మీద మళ్లీ ఇసుక పేరుకొని రాయి కావడానికి ఎంతకాలం? ఆరువేల ఏళ్లు సరిపోతాయా?

ప్లేఫెయిర్ గణితవేత్త, అంతకుముందు చర్చిలో మతాచార్యుడు కూడా. కాలపు అగాధంలోకి అంతదూరం తొంగి చూసేసరికి తల తిరిగినట్టయిందని అతను తర్వాత రాసుకున్నాడు. ఏ వాదంతోనూ లొంగని మనిషిని కూడా రాయి కదిలించగలదు. మతాచార్యుడిగా పనిచేసినవాణ్ని హట్టన్ తిట్టలేదు, ఎగతాళి చేయలేదు. పడవెక్కించి తీసుకెళ్లి చూపించాడు.

ఇలాంటి నడక మరొకటి 1831 ఆగస్టులో జరిగింది. కేంబ్రిడ్జి ఆచార్యుడు ఆడమ్ సెడ్జివిక్ ఉత్తర వేల్స్ కొండల్లోకి ఒక కుర్రవాణ్ని వెంటబెట్టుకు వెళ్లాడు. ఆ కుర్రవాడు చార్లెస్ డార్విన్. కొద్ది నెలలకే అతను బీగిల్ ఓడ ఎక్కాడు. ఆ నడకలో నేర్చుకున్న క్షేత్ర పరిశీలన ప్రయాణమంతా అతనికి పనికొచ్చింది. అయితే డార్విన్ తన ఆత్మకథలో మరో సంగతి కూడా చెప్పాడు. ఆ లోయలో హిమానీనదాలు గీకిన గుర్తులు ఎటు చూసినా ఉన్నాయి, కాని ఇద్దరికీ ఒక్కటీ కనిపించలేదు. హిమానీనదాల సిద్ధాంతం అప్పటికి ప్రచారంలోకి రాలేదు. ఏం వెతకాలో తెలియకపోతే కళ్లెదుట ఉన్నదీ కనిపించదన్నమాట. చూపించేవారు ఎందుకు కావాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

"మీ వల్ల కాదు" అన్న రోజులు

మన దేశంలో జియొలాజికల్ సర్వే 1851లో థామస్ ఓల్డ్‌హామ్‌తో మొదలైంది. తెల్లదొరలకు ముందుగా కావలసింది బొగ్గు. రైళ్లు, స్టీమర్లు నడవాలి గదా. ఆ వెతుకులాటలో మన ప్రాంతం రాళ్లకూ లెక్కలు తయారయ్యాయి. విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. తర్వాత అదే సింగరేణి గనులకు దారితీసింది. 1872లో కడప, కర్నూలు రాతిపొరల మీద అతని గ్రంథం వచ్చింది.

ఈ విద్య భారతీయులకు అందడానికి మాత్రం చాలాకాలం పట్టింది. 1873లో రాంసింగ్, మరుసటి ఏడాది కిషన్‌సింగ్, హీరాలాల్ అప్రెంటిస్‌లుగా చేరారు. ఓల్డ్‌హామ్ తర్వాత పెత్తనానికి వచ్చిన హెచ్.బి. మెడ్లికాట్‌కు ఇది గిట్టలేదు. ప్రకృతి శాస్త్రాల్లో సొంతంగా ఏదైనా కనిపెట్టే శక్తి భారతీయులకు లేదని అతని అభిప్రాయం. తమాషా ఏమిటంటే, గోండుల నేల పేరు మీద మన రాతిపొరలకు "గోండ్వానా" అని పేరుపెట్టింది ఈ మెడ్లికాటే. గోండుల పేరు కావలసి వచ్చింది, వారి పిల్లలకు చదువు చెప్పాలన్న ఆలోచన రాలేదు.

మెడ్లికాట్ హయాంలోనే, 1880లో, ప్రమథనాథ్ బోస్ సర్వేలో గ్రేడెడ్ అధికారిగా చేరిన మొదటి భారతీయుడయ్యాడు. 1903లో తనకంటే పదేళ్లు జూనియర్ అయిన థామస్ హాలండ్‌ను డైరెక్టర్‌ను చేయడంతో బోస్ ఉద్యోగం వదిలేశాడు. 1904లో మయూర్‌భంజ్ ఇనుప ఖనిజం గురించి జంషెడ్జీ టాటాకు ఉత్తరం రాశాడు. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారానికి దారి చూపింది ఆ ఉత్తరమే. "మీ వల్ల కాదు" అన్నవారికి ఇంతకంటే సమాధానం అక్కర్లేదు.

దొరల అహంకారాన్ని తప్పుపట్టే మనం ఒక విషయం మరవకూడదు. చదువు కొందరికే తగినదనే మాట మనకు దొరలు నేర్పింది కాదు. శూద్రులు, స్త్రీలు వేదం వినకూడదన్న సమాజం మనది. విద్యను దాచిపెట్టడంలో దొరకూ, పురోహితుడికీ పెద్ద తేడా లేదు.

జమ్ము కొండల్లో వాడియా

1907లో డి.ఎన్. వాడియా జమ్ములోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కాలేజీలో అధ్యాపకుడిగా చేరాడు. కాలేజీకి పక్కనే శివాలిక్ కొండలు. సెలవు దొరికితే చాలు, ఆయన ఆ కొండల్లో తిరిగేవాడు. రాళ్లు, ఖనిజాలు, శిలాజాలు పోగుచేసి వాటితోనే పాఠం చెప్పేవాడు. అలా తిరిగినప్పుడే సుమారు మూడు మీటర్ల ఏనుగు దంతం శిలాజం దొరికింది. అది స్టెగడాన్ గణేశ అనే అంతరించిన ఏనుగుజాతి జంతువుది. వినాయకుడి పేరు శాస్త్రంలో కూడా ఉందన్నమాట, కాకపోతే పూజకోసం కాదు!

ఆ పాఠాల నుంచి 1919లో విద్యార్థుల కోసం "జియాలజీ ఆఫ్ ఇండియా" పుస్తకం వచ్చింది. తరాల తరబడి భారతీయ విద్యార్థులు దానిని చదివారు. తర్వాత వాడియా సర్వేలో చేరి హిమాలయాల నిర్మాణం మీద ప్రపంచం మెచ్చిన పరిశోధన చేశాడు. పెద్ద ప్రయోగశాల లేని ఊళ్లో, వెనక ఉన్న కొండనే ప్రయోగశాలగా చేసుకున్న అధ్యాపకుడాయన.

తిరుమల గోడ ముందు ఆగితే

ఇప్పుడు తిరుమల గోడ దగ్గరికి వద్దాం. పదో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాం అనుకోండి. ఏమీ చెప్పకుండా ముందు ప్రశ్నలడగాలి.

కింది రాయిని దగ్గరగా చూడండి. రకరకాల స్ఫటికాలు ఒకదానిలో ఒకటి ఇరుక్కొని మెరుస్తుంటాయి. అది గ్రానైట్. కరిగిన రాయి భూమి లోపల చాలా లోతులో, చాలా నెమ్మదిగా చల్లారితేనే స్ఫటికాలు అంత పెద్దవవుతాయి. మరి అంత లోతులో పుట్టిన రాయి ఇక్కడ ఎండలో ఎందుకుంది? దాని మీద ఉన్న కిలోమీటర్ల మందం రాయి అరిగి కొట్టుకుపోయి ఉండాలి. వానలు, నదులు ఆ పని చేయడానికి ఎన్ని ఏళ్లు పట్టి ఉంటుంది?

ఇక పై రాయిని చూడండి. పొరలు పొరలుగా ఉంది. అది క్వార్ట్‌జైట్, అంటే గట్టిపడిన ఇసుక. దాని అడుగున గులకరాళ్లు ఇరికిన పొర ఉంటుంది, కొన్ని పలకల మీద అలల గీతలు కూడా ఉంటాయి. చెరువు గట్టున తడి ఇసుకలో కనిపించే గీతలే ఇవి. అంటే గ్రానైట్ బయటపడి అరిగాక, దాని మీద నీరు వచ్చింది. ఆ నీటి అడుగున ఇసుక పేరుకొని రాయి అయింది. ఆ తర్వాత మొత్తం పైకి లేచి కొండ అయింది.

ఈ వరస తెలుసుకోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కళ్లతో తేలుతుంది. ఎన్ని ఏళ్లు అన్నదానికి మాత్రం ప్రయోగశాల కావాలి. రాయిలోని రేడియోధార్మిక మూలకాలు ఎంత తరిగాయో కొలిచి వయసు కడతారు. కింది రాళ్లు 210 కోట్ల ఏళ్లకు పైబడినవి, పైవి సుమారు 160 కోట్ల ఏళ్లవి అని లెక్క. కంటితో చూసినదేమిటి, తర్కంతో తేల్చినదేమిటి, పరికరంతో కొలిచినదేమిటి అని పిల్లలు విడదీసి చెప్పగలిగితే ఆ రోజు పాఠం పూర్తయినట్టే.

అప్పుడొక పిల్లవాడు "మన పురాణాల్లో బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల ఏళ్లు గదా, భూమి వయసు కూడా దగ్గర దగ్గర అంతే గదా" అని అడగవచ్చు. మంచి ప్రశ్న. దానికి కోప్పడకూడదు. ఆ 432 కోట్లు ఎవరు, ఏ రాయిని, ఎలా కొలిచి చెప్పారు అని తిరిగి అడగాలి. 1956లో క్లెయిర్ పాటర్సన్ ఉల్కల్లోని సీసాన్ని కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. ఆ కొలతను మరొకరు తిరగతోడవచ్చు, తప్పయితే పట్టుకోవచ్చు. పురాణ సంఖ్యను పట్టుకోవడానికి దారేది? అంకెలు దగ్గరగా ఉండడం కాదు, దారి ఉందా లేదా అన్నదే ప్రశ్న.

మన గొప్పలకూ ఇదే పరీక్ష

తిరుమల ఆలయానికి దగ్గరలోనే శిలాతోరణం ఉంది. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. స్వామి కొండ మీద వేసిన అడుగుల్లో ఒకటి ఇక్కడ పడిందని స్థలపురాణం. నీరు, గాలి మెత్తని భాగాన్ని తినేస్తే గట్టి భాగం తోరణంలా మిగిలిందని భూగర్భశాస్త్రం.

దీన్నిగురించి మరో పురాణం ఉంది. అది సైన్సు వేషంలో తిరుగుతుంది. ఇలాంటి తోరణాలు ప్రపంచం మొత్తంలో మూడే ఉన్నాయట! పత్రికలు, గైడ్లు, వెబ్‌సైట్లు ఒకరిని చూసి ఒకరు ఇదే మాట రాస్తున్నారు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఆర్చెస్ నేషనల్ పార్కు ఒక్కదానిలోనే రెండువేలకు పైగా సహజ శిలాతోరణాలు నమోదై ఉన్నాయి. అంతదూరం ఎందుకు, విశాఖ దగ్గర మంగమారిపేట సముద్రతీరంలో కూడా ఒక సహజ తోరణం ఉంది. స్థలపురాణాన్ని ప్రశ్నించి, ఈ "మూడే మూడు" కథను తలూపి వింటే మనం చేస్తున్నది హేతువాదం కాదు.

శాస్త్రజ్ఞుల మాటా మారుతుంది. మహారాష్ట్రలోని లోనార్ సరస్సు లవణాసురుణ్ని విష్ణువు చంపిన చోటని స్థానికుల కథ. నిపుణులు చాలాకాలం అది అగ్నిపర్వత బిలం అనుకున్నారు. 1973లో ఉల్క తాకిడి వల్ల ఏర్పడిందని రుజువైంది. వయసు సుమారు 50 వేల ఏళ్లని తర్వాత చాలాచోట్ల రాశారు. ఆర్గాన్ పద్ధతిలో కొలిచాక అది సుమారు 5 లక్షల 70 వేలకు మారింది. పదిరెట్లకు పైగా తేడా! దీన్ని దాచకుండా చెప్పాలి. తప్పు దిద్దుకున్న చరిత్ర ఉన్నందువల్లనే సైన్సు మాటకు విలువ.

నగరవాసుల నడకలు

విశ్వవిద్యాలయాల్లో భూగర్భశాస్త్రం చదివేవారికి క్షేత్ర పర్యటనలు పాఠ్యక్రమంలో భాగమే. మిగతావారి మాటేమిటి? ఈ విషయంలో హైదరాబాదు అనుభవం చెప్పుకోదగినది. అక్కడి గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్లనాటిది. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లను ఎవరూ ఎత్తిపెట్టలేదు. ఒకే బండ పగుళ్లలోకి నీరు దిగి, మూలలు అరిగి, ఉల్లిపొరల్లా ఊడిపోగా మిగిలినవే ఆ గుండ్లు.

నగరం పెరిగేకొద్దీ వాటిని పేల్చి కంకర చేశారు. 1996లో కొందరు పౌరులు కలిసి "సొసైటీ టు సేవ్ రాక్స్" స్థాపించారు. హైదరాబాదు చరిత్రకారుడిగా పేరున్న ఐ.ఏ.ఎస్. అధికారి నరేంద్ర లూథర్ దానికి అధ్యక్షుడిగా పనిచేశారు. నెలనెలా ఆదివారం పూట జనాన్ని గుట్టల దగ్గరికి నడిపించడం ఆ సంస్థ ముఖ్యమైన పని. ఆ ఉద్యమం ఫలితంగా 9 శిలా సముదాయాలు నగర వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం దగ్గరి పుట్టగొడుగు బండ వాటిలో ఒకటి. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను యంత్రాలతో చదును చేస్తున్నప్పుడు విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. ఆ వాదనలో చెట్లు, జింకలతో పాటు ఆ బండ పేరు కూడా వినిపించింది. పేరు తెలిసిన రాయికి దిక్కు ఉంటుంది. పేరు తెలియనిది కంకర అవుతుంది.

విశాఖ, భీమిలి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బల కథా ఇలాంటిదే. సినిమా పాటల్లో అందరూ చూసినవే. మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే 100 మీటర్లకు పైగా దిగినప్పుడు బయటపడ్డ ఇసుకకూ, గాలికీ, ఇనుము తుప్పు రంగుకూ ఆ దిబ్బల్లో గుర్తులున్నాయి. 2024 జులైలో అక్కడ యంత్రాలతో తవ్వకం జరిగి పెద్ద గొడవయింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలూ, ఎర్రమట్టి దిబ్బలూ యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. సంతోషమే. కాని పారిస్‌లో పేరెక్కితే చాలదు, పక్క ఊరివాడికి తెలియాలి. మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో వందకు పైగా డైనోసార్ గుడ్ల శిలాజాల్ని 2007లో వెలికితెచ్చింది స్థానిక ఔత్సాహికులు, వారిలో ఒక బడిపంతులు ఉన్నారు. చూడడం నేర్చినవాడు ఊళ్లో ఒక్కడుంటే అంత పని జరుగుతుంది.

మన సంఘాలు చేయగలిగింది

కోవూర్ కాలం నుంచి మనం అద్భుతాల గుట్టు విప్పే కార్యక్రమాలు చేస్తూ వచ్చాం. నిప్పుల మీద నడిచాం, విభూతి రాల్చి చూపించాం. అవి అవసరమే. అయితే అవి "ఇది అబద్ధం" అని చెబుతాయి. నిజం ఎలా తెలుసుకోవాలో నేర్పే కార్యక్రమాలు మన దగ్గర తక్కువ. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి పుస్తకంలోంచి జీవపరిణామం తీసేసింది. మనం ఖండించాం, సంతకాలు సేకరించాం. పుస్తకంలోంచి పాఠం తీసేయగలరు, ఊరి పక్క గుట్టను ఏం చేయగలరు? పరిణామానికి కావలసినంత కాలం గడిచిందనడానికి సాక్ష్యం ఆ గుట్టలోనే ఉంది.

నెలకొక ఆదివారం చాలు. దగ్గరి కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే అధ్యాపకుణ్ని పిలవండి. బడిపిల్లల్నీ, వారి తల్లిదండ్రుల్నీ, బావులు తవ్వేవారినీ, రాళ్లు కొట్టేవారినీ పిలవండి. రాయి ఎటు పగులుతుందో వడ్డెరలకు తెలిసినంతగా ఎం.ఎస్‌సి. విద్యార్థికి తెలియదు, వారి దగ్గర కూడా నేర్చుకోవాలి. సుత్తి వద్దు, భూతద్దం చాలు. అడిగాక చెప్పండి, చెప్పేముందు చూడనివ్వండి. కొండ మీద గుడి ఉంటే గుడి గురించి వెటకారం వద్దు. ఎవరింట్లోనైనా పూజలో సాలగ్రామం ఉంటే, అందులోని చుట్ట కోట్ల ఏళ్లనాడు హిమాలయాల చోట ఉన్న సముద్రంలో బతికిన అమ్మోనైట్ అనే జీవిదని చెప్పండి. పూజ మానమని చెప్పనవసరం లేదు. హిమాలయాల్లోకి సముద్రజీవి ఎలా వచ్చిందన్న ప్రశ్న ఆ ఇంట్లో మిగిలితే చాలు.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్నాం. ఆ వాక్యాన్ని గోడల మీద రాయడం కంటే, తిరుమల గోడ ముందు పదిమందిని నిలబెట్టి "కింది రాయి ముందా, పై రాయి ముందా? నీకెలా తెలుసు?" అని అడగడం మేలు.